రాత్రి కావలికి చీకట్లో నడక: ఇంటి గడప నుంచి మంచె దాకా

మక్క చేను కంకి పాలు పోసుకునే రోజుల్లో, రాత్రి తొమ్మిది దాటితే మా ఊళ్ళో ఒక్కో ఇంట్లోంచి ఒక్కో టార్చి బయటికొస్తుంది. అడవి పందుల కాలం అది. ఒక్క రాత్రి మంద దిగిందంటే తెల్లారేసరికి ఆరుగాలం కష్టం నేల మీద పరుచుకుని ఉంటుంది. అందుకే చలికీ వానకూ మంచె ఎక్కి కూర్చుంటాం.

మంచె మీద ఏం చేయాలో చెప్పేవాళ్ళు చాలామంది. డబ్బా ఎక్కడ కట్టాలి, టపాసులు ఎప్పుడు కాల్చాలి, ఎవరు ఏ జాము కూర్చోవాలి. మంచె దాకా నడక గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. రోజూ తిరిగే బాటే కదా, దానికి చెప్పేదేముంది అనుకుంటాం. నేను చూసినంతలో కావలికి పోయినవాళ్ళకు దెబ్బలు తగిలింది మంచె మీద కాదు, ఇంటికీ మంచెకీ మధ్యలోనే.

నాకు ఈ నడక నేర్పింది మా పెద్దబాపు. వయసులో ఉన్నప్పుడు రాత్రిళ్ళు కుందేళ్ళ వేటకు పోయిన మనిషి. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేట నేరమైంది. ఆయనా మెల్లగా మానేశాడు గానీ చీకట్లో కాలు వేసే పద్ధతి మానలేదు. నన్ను మొదటిసారి వెంట తీసుకుపోయిన రాత్రి ఆయన అన్నది ఒకటే మాట: "ఆగి సూడురా. నడుసుకుంట సూడకు." అప్పుడు అర్థం కాలేదు. కింద రాసిందంతా దాదాపు ఆ మాటకు వివరణే.

1. ముందు పగలు నడవండి

కావలి మొదలయ్యే రోజు సాయంత్రం, పొద్దు ఉండగానే ఇంటి నుంచి మంచె దాకా మీరు రాత్రి పోబోయే బాటలోనే నడవండి. పనికి పోయినట్టు కాదు, చీకట్లో ఇక్కడ నా కాలు ఏమవుతుంది అనుకుంటూ. చుట్టూ గోడ లేని పాత మోటబావి బాటకు ఎన్ని అడుగుల దూరంలో ఉంది? ఎవరైనా జేసీబీతో కొత్తగా కాలువ తవ్వించారా? తూము మీద వేసిన బండ కదులుతోందా? కిందికి వేలాడే కరెంటు తీగ ఏదైనా ఉందా? పోయిన వారం బాట వేరు, ఈ వారం బాట వేరు. పైపులైను కోసం పక్క చేనాయన ఒక్క పూటలో మూడడుగుల గొయ్యి తవ్వించి, పూడ్చేది రేపు చూద్దాంలే అని ఇంటికి పోయి ఉండొచ్చు.

ఒడ్ల మీద అడ్డంగా పోయే దగ్గరి దారి ఉంటే దాన్ని పగటికి వదిలేయండి. రాత్రికి బండ్ల బాటే మేలు. పది నిమిషాలు ఎక్కువ పట్టినా, అది వెడల్పుగా ఉంటుంది, ట్రాక్టరు తిరిగి గట్టిపడి ఉంటుంది, గడ్డి తక్కువ ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యం, దాని మీద ఎవరూ పందులకు తీగ కట్టరు.

ఇక రేడియం స్టిక్కర్లు. బైకు మడ్‌గార్డుకు నెంబర్లు అంటించే షాపులో ముక్కలు అడిగితే చవగ్గానే ఇస్తారు. రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు కోసి, మలుపు దగ్గరి వేపచెట్టుకు ఒకటి, తూముకు ఇటు ఒకటి అటు ఒకటి, స్టార్టర్ డబ్బా స్తంభానికి ఒకటి, మంచె నిచ్చెన మొదటి మెట్టుకు ఒకటి అంటించండి. మేం దారి చూపే చోట్ల తెల్లవి, బావి వైపు ఎర్రవి పెట్టాం. టార్చి వెలుగు పడగానే ఎర్రటి చుక్కలు రెండు కనిపిస్తే అటు పోకూడదని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చెట్టు బెరడుకు అంటుకోకపోతే చిన్న రేకు ముక్క మీద అతికించి మేకు కొట్టండి.

2. తీగ ఎక్కడుందో అడగండి

దీని మీద కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పాము కంటే, ఎలుగు కంటే నాకు దీనితోనే టెన్షన్.

పందుల కోసం చేను చుట్టూ చిన్న పుల్లలు పాతి, మోకాలి కిందికి వచ్చేలా సన్నని బైండింగ్ వైరు లాగి, దానికి నేరుగా కరెంటు ఇస్తారు. పొద్దుగూకాక తగిలిస్తారు, తెల్లారకముందే తీసేస్తారు. ఇంట్లో వాడే 230 వోల్టులే మనిషి ప్రాణం తీయడానికి చాలు. పందికని పెట్టిన తీగకు రైతు పోయాడని, పక్క చేనాయన పోయాడని, ఒక్కోసారి పెట్టినవాడే మరిచిపోయి పోయాడని ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. అది కరెంటు చోరీ, నేరం. మనిషి చనిపోతే జైలుకు పోయే కేసు. అయినా పెడుతున్నారు, ఎవరికీ చెప్పకుండా పెడుతున్నారు.

కాబట్టి మొదటి పని అడగడం. మొహమాటం వద్దు. మీ బాట పక్కన చేను ఉన్న ప్రతి ఒక్కరినీ సాయంత్రం హోటలు దగ్గరో, పాల కేంద్రం దగ్గరో కలిసి "అన్నా, మీ చేను దగ్గర తీగ ఏమన్నా పెడుతున్నవా?" అని సూటిగా అడగండి. లేదు అంటాడు. అయినా అడగాలి. నేను ఆ దారిన రాత్రి పోతానని అతనికి తెలియడమే సగం పని. మేం ఒక వానాకాలం మా చెలక వైపు పోయే పదిహేను ఇళ్ళవాళ్ళం వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం, ఎవరు ఏ రాత్రి కావలికి పోతున్నారో అందులో వేస్తాం. పెట్టిన నాలుగో రోజు ఒకాయన ఎవరికీ చెప్పకుండా తన తీగ పీకేశాడు. మేమూ అడగలేదు.

రెండోది, చీకట్లో ఇంకొకరి చేలోకి అడుగు పెట్టొద్దు. పంది అటు ఉరికిందని వెంటపడొద్దు. ఒంటికి పోవాలన్నా బాట మీదే నిలబడండి.

మూడోది, తీగ కంటికి ఎలా కనిపిస్తుందో తెలిసి ఉండాలి. అది తుప్పు రంగులో ఉంటుంది, నేరుగా వెలుగు వేస్తే కనిపించదు. నేను ఒక కార్తీక మాసం తెల్లవారుజామున చూశాను. బాట పక్కన గడ్డి మీదికి టార్చి ఏటవాలుగా పడింది. గడ్డికి కాస్త పైన, ఏ ఆకూ లేని చోట, గాలిలో మంచు చుక్కలు వరసగా దండ గుచ్చినట్టు మెరుస్తున్నాయి. ఒక క్షణం అందంగానే అనిపించింది. తర్వాత కాళ్ళు వణికాయి. చుక్కలు గాలిలో నిలబడవు కదా. ఆ తీగకూ నాకూ మధ్య నాలుగడుగులు.

అలాంటిది కనబడితే కర్రతో కదిపి చూడొద్దు, పచ్చి కర్ర గానీ తడిసిన కర్ర గానీ కరెంటును తెస్తుంది. దాటే ప్రయత్నం అసలు వద్దు. నేల తడిగా ఉంటే తీగ చుట్టూ మట్టిలో కూడా కరెంటు పారవచ్చు. రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, పెద్ద అంగలు వేయకుండా, నేలకు రాసుకుంటూ చిన్న చిన్న అడుగులతో వచ్చిన దారినే వెనక్కి రండి. తర్వాత ఫోను. కరెంటు ఫిర్యాదులకు 1912. మీ లైన్‌మన్ నెంబరు ముందే ఫోనులో ఉండాలి.

ఎవరైనా తీగ దగ్గర పడిపోయి ఉంటే, ఎంత దగ్గరివాళ్ళైనా సరే ముట్టుకోవద్దు. ఒకరిని లాగబోయి ఇద్దరు ముగ్గురు పోయిన ఇళ్ళున్నాయి. సరఫరా ఆగిందని సబ్‌స్టేషన్ వాళ్ళో లైన్‌మనో చెప్పాకే చేయి వేయాలి. అప్పటికి ఊపిరి ఆడకపోతే, వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నడిమధ్య రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వంద నుంచి నూటిరవై సార్లు చొప్పున నొక్కుతూ ఉండాలి, 108 వచ్చేదాకా.

సోలార్ కంచె సంగతి వేరు. సరైన మెషీనుతో పెట్టింది సెకనుకొకసారి చిన్న దెబ్బలా కొడుతుంది, తరిమేస్తుంది గానీ చంపదు. కానీ సోలార్ బోర్డు తగిలించి, రాత్రికి అదే తీగకు లైను కరెంటు ఇచ్చే తెలివైనవాళ్ళూ ఉన్నారు. చీకట్లో ఏది ఏదో తెలియదు. అన్ని తీగలూ ఒకటే అనుకోండి.

3. కాళ్ళకు, చేతికి

కాళ్ళకు మోకాలి కింది దాకా వచ్చే రబ్బరు గమ్ బూట్లు. చెమట పడుతుంది, బురదలో బరువవుతుంది, అంతా నిజమే. కానీ రాత్రి నడిచేవాళ్ళను పాము ఎక్కువగా కరిచేది పాదం మీదా చీలమండ దగ్గరా, చెప్పులు వదిలేసేది సరిగ్గా ఆ చోటే. బూట్లు వేసుకునే ముందు బోర్లించి రెండుసార్లు నేలకు కొట్టండి. తేళ్ళకు, కప్పలకు అవి ఇష్టమైన ఇళ్ళు. కప్ప దూరిన చోటికి పాము కూడా వస్తుంది.

చేతిలో భుజం ఎత్తు వెదురు కర్ర, బాగా ఎండింది. ఇది కొట్టడానికి కాదు. గడ్డిని పక్కకు నెట్టి చూడటానికి, నీళ్ళలో లోతు కొలవడానికి, ఒడ్డు మీద జారితే ఆనుకోవడానికి.

టార్చి విషయంలో చాలామంది పొరపాటు చేస్తారు. ఇప్పుడు అందరూ తలకు కట్టుకునే లైటు కొంటున్నారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, మంచిదే. కానీ ఆ వెలుగు మన కళ్ళ దగ్గర నుంచే పోతుంది కాబట్టి, ప్రతి వస్తువు నీడా దాని వెనకాలే దాక్కుంటుంది. గుంత గుంతలా కనబడదు, నేలంతా చదునుగా ఉన్నట్టుంటుంది. అదే టార్చి చేత్తో నడుము కింద పట్టుకుని ముందుకు వేస్తే చిన్న రాయికి కూడా పొడుగు నీడ పడుతుంది, గుంత నల్లగా నోరు తెరుస్తుంది, చుట్టుకున్న పాము నేల నుంచి లేచి కనబడుతుంది. ఒకసారి మీ వాకిట్లోనే తాడు ముక్క పడేసి రెండు రకాలుగా చూడండి, నేను చెప్పక్కర్లేదు. నడకకు చేతి టార్చి, నిచ్చెన ఎక్కడానికి, స్టార్టరు దగ్గర పనికి తల లైటు. రెండూ ఉంటే ఒకటి ఆరిపోయినా ఇంకొకటి ఉంటుంది. ఫోను లైటును లెక్కలో వేసుకోకండి, దాని ఛార్జింగు మాట్లాడటానికి కావాలి.

విదేశాల్లో వేటగాళ్ళు ఎర్ర లైటుతో నడుస్తారని వీడియోల్లో చూసి మా తమ్ముడు ఒకటి తెప్పించాడు. చీకటికి అలవాటైన చూపును ఎర్ర వెలుగు పెద్దగా చెడగొట్టదన్నది నిజం. కానీ గోధుమ రంగు మట్టి మీద గోధుమ రంగు పింజర పాము ఆ వెలుగులో మట్టిలో కలిసిపోతుంది. మంచె మీద కూర్చున్నాక వాడుకోండి. నడకకు తెల్ల వెలుగే.

4. గడప దాటే ముందు

ఇంట్లో ఒకరికి చెప్పండి. "చేనుకు పోతున్న" అంటే చాలదు. ఏ బాటలో, ఎవరితో, చేరాక ఎప్పుడు మిస్డ్ కాల్ ఇస్తారో చెప్పండి. అనుకున్న టైముకు మిస్డ్ కాల్ రాకపోతే అరగంట చూసి ఎవరిని లేపాలో కూడా వాళ్ళకు తెలియాలి. మా అమ్మ ఆ మిస్డ్ కాల్ వచ్చేదాకా పక్క ఎక్కదు.

క్యాలెండరులో తిథి చూసుకోండి. అప్పట్లో ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసేది, ఇప్పుడు మరిచిపోయాం. పున్నమి నాడు పొద్దుగూకుతుంటే చంద్రుడు పొడుస్తాడు, ఆ తర్వాత రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. బహుళ అష్టమికి వచ్చేసరికి వెన్నెల నడిరేయికి గానీ రాదు. శుక్ల అష్టమికి దీనికి తిరగబడి, పోయేటప్పుడు వెన్నెల ఉంటుంది, అర్ధరాత్రి తర్వాత వచ్చేటప్పుడు ఉండదు. అందుకే వెలుగుంది కదా అని టార్చి ఇంట్లో పెట్టి పోయినవాడు తిరుగు దారిలో ఇరుక్కుంటాడు. పైగా వెన్నెల నమ్మించి మోసం చేస్తుంది. బాట తెల్లగా కనిపిస్తుంది గానీ చెట్టు నీడ పడ్డ చోట ఏముందో కనబడదు.

కళ్ళకు కొంచెం సమయం ఇవ్వండి. వెలుతురు గదిలోంచి బయటికొచ్చాక మొదటి పది నిమిషాల్లో చూపు కొంత సర్దుకుంటుంది, పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. మధ్యలో ఫోను తెరిచి ఒక్క వీడియో చూశారా, కథ మళ్ళీ మొదటికి. వాకిట్లో లైటు ఆర్పేసి, బూట్లు వేసుకుంటూ, కర్ర వెతుక్కుంటూ ఆ పది నిమిషాలు గడపండి. మసక వెలుగులో ఏదైనా ఆకారం తేల్చుకోవాలంటే దాని వైపు సూటిగా కాకుండా కాస్త పక్కకు చూడండి. కంటి నడిమధ్య భాగం చీకట్లో సరిగ్గా పనిచేయదు, పక్క భాగం పనిచేస్తుంది. నమ్మకపోతే ఆకాశంలో మసక చుక్క మీద ప్రయత్నించండి, సూటిగా చూస్తే మాయమవుతుంది.

ఉరుములు వినబడుతున్నా, దామిని యాప్‌లో మీ చుట్టుపక్కల పిడుగులు చూపిస్తున్నా ఆ పూటకు పోవద్దు. బయట చేలో ఎత్తుగా నిలబడి ఉండేది మీ మంచే. మందు వేసుకున్న రాత్రి కూడా పోవద్దు. దీనికి వివరణ అక్కర్లేదు.

5. నడక

ఇప్పుడు పెద్దబాపు మాట దగ్గరికి వద్దాం. నడిచేటప్పుడు వెలుగూ చూపూ రెండూ కాళ్ళకు ముందు ఆరేడు అడుగుల నేల మీదే ఉండాలి. దూరం చూడాలనిపిస్తే ఆగండి. నిలబడి, టార్చి పైకెత్తి, ఎడమ నుంచి కుడికి నిదానంగా తిప్పి, కాసేపు చెవి పెట్టి వినండి. మళ్ళీ వెలుగు కిందికి దించాకే అడుగు వేయండి. నడుస్తూ దూరం చూసినవాడి కాలు ఎక్కడ పడుతుందో వాడికే తెలియదు. ఫోను మాట్లాడేటప్పుడు కూడా అంతే, ఆగి మాట్లాడండి.

పాముకు మనలా బయటి చెవులు లేవు, నేల అదురు దానికి తెలుస్తుంది. అందుకే బలంగా అడుగులు వేస్తూ కర్ర నేలకు తాటిస్తూ పొమ్మంటారు. నాగుపాము చాలాసార్లు అలికిడికే తప్పుకుంటుంది. కానీ ఆ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. రక్తపింజర కదలదు. ఉన్నచోటే చుట్టుకుని, మనం మీదికి వచ్చేదాకా ఉండి, కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. ఆ బుస వినబడితే ఎక్కడివాళ్ళు అక్కడే ఆగి, వెలుగుతో అదెక్కడుందో చూసుకుని, దానికి దూరంగా వెనక్కి జరగండి. కంగారుగా ఎగిరితే దాని మీదే పడొచ్చు. కట్లపాము రాత్రి తిరిగే పాము, బుస కూడా కొట్టదు. ఇంకో మాట. టార్చి వేస్తే పిల్లి, నక్క లాంటివాటి కళ్ళు మెరుస్తాయని, పాము కళ్ళూ మెరుస్తాయనుకుంటారు. మెరవవు. తల లైటు వేసుకుంటే గడ్డిలో పచ్చగా మినుకుమనేవి చాలావరకు సాలీళ్ళ కళ్ళు.

ఒడ్డు గానీ, పడిపోయిన మొద్దు గానీ అడ్డం వస్తే ఒక్క అంగలో దాటొద్దు. ముందు దాని మీద ఎక్కి నిలబడండి. అవతలి పక్క మొదట్లో వెలుగు వేసి చూడండి. అప్పుడు దిగండి. నాకు ఈ పాఠం ఎలా వచ్చిందో చెప్తాను. వెన్నెల బాగా ఉన్న ఒక రాత్రి, మూడోసారి మోటారు దగ్గరికి పోతూ, టార్చి ఆర్పి జేబులో పెట్టుకుని ఒడ్డు దాటబోయాను. కుడికాలు గాలిలో ఉండగానే కింద బుస. వెనక నుంచి బాపు, అంటే మా నాన్న, నా చొక్కా పట్టి లాగాడు, ఇద్దరం వెల్లకిలా బురదలో పడ్డాం. టార్చి వేసి చూస్తే ఒడ్డు నీడలో, సరిగ్గా నా పాదం దిగాల్సిన చోట, చేటంత చుట్ట చుట్టుకుని రక్తపింజర ఉంది. మా బాపు ఆ రాత్రంతా నాతో మాట్లాడలేదు.

ఇద్దరుగా పోతే ముందున్నవాడికీ వెనకున్నవాడికీ ఐదారడుగుల ఎడం ఉండాలి. ఇద్దరి దగ్గరా టార్చి ఉండాలి. వెనకున్నవాడు ముందువాడి కాళ్ళ జాడలో నడిస్తే చాలనుకోకూడదు. ముందు పోయినవాడు కదిపిన పాము వెనక వచ్చినవాడిని కరవొచ్చు. ఒకరి ముఖం మీద ఒకరు వెలుగు వేసుకోకండి, అరగంట కష్టపడి తెచ్చుకున్న చూపు పోతుంది.

వాగులో నీళ్ళు పారుతుంటే రాత్రిపూట దిగొద్దు. నిన్న చీలమండ లోతే ఉండొచ్చు, పైన ఎక్కడో వాన పడితే మనకు చినుకు కూడా లేకుండా వాగు వస్తుంది. నిలిచిన నీటిలో ముందు కర్ర, తర్వాత కాలు.

6. ఎదురుపడేవి

పంది మామూలుగా మనిషిని చూసి పారిపోతుంది. తిరగబడేది పిల్లలున్నది, గాయపడ్డది, దారి లేనిది. అందుకే అవి చేలోకి వచ్చే సందు ఎక్కడో పగలే గిట్టల జాడ చూసి తెలుసుకుని, ఆ సందుకు అడ్డంగా ఎప్పుడూ నిలబడకండి. మీరు అరవగానే మంద వచ్చిన దారినే ఉరుకుతుంది. ఆ దారిలో మీరుంటే దాని తప్పేం లేదు.

ఉద్దానం జీడితోటల్లోనో, నల్లమల అంచునో ఉండేవాళ్ళకు ఎలుగు భయం. ఎలుగుబంటి ఉలిక్కిపడితే మీద పడుతుంది, కాబట్టి అక్కడ చడీచప్పుడు లేకుండా నడవడం తప్పు. మాట్లాడుకుంటూ పోండి, కర్ర తాటించండి. ఎదురుపడితే పరుగెత్తకుండా మెల్లగా వెనక్కి తగ్గండి. మీద పడితే బోర్లా పడుకుని ముఖం నేలకు ఆనించి, రెండు చేతులతో మెడ వెనక కప్పుకోండి. పార్వతీపురం వైపు, పలమనేరు కుప్పం వైపు ఏనుగులు దిగాయని తెలిసిన రాత్రి కావలి మాట మరిచిపోండి, ఏనుగు ముఖం మీద టార్చి వేసి నిలబడగల మొనగాడు లేడు. కాగజ్‌నగర్ చుట్టుపక్కల పులి తిరుగుతోందని అటవీ శాఖ చెప్పిన రోజుల్లోనూ అంతే. అక్కడ 2020లోనూ 2024లోనూ పత్తి చేల దగ్గర మనుషులు చనిపోయింది పట్టపగలు.

7. చేరాక

మంచె కింద చుట్టూ ఒకసారి వెలుగు తిప్పండి. నిచ్చెన మెట్లు కట్టిన తాడు వానకు నాని ఉంటుంది, బరువు వేసేముందు ఒక్కో మెట్టూ చేత్తో లాగి చూడండి. పైన పరిచిన గడ్డిని ఎక్కకముందే కర్రతో కదిలించండి. టార్చి, కర్ర తాడుకు కట్టి పైకి లాక్కోండి, రెండు చేతులూ నిచ్చెనకే.

మోటారు వేసే పని కూడా ఉంటే స్టార్టర్ డబ్బా మూత ఒక్కసారిగా తెరవొద్దు. బల్లి నుంచి పాము దాకా వెచ్చదనానికి అందులో చేరతాయి. చేతులు తుడుచుకుని, ఎండిన చెక్క మీద నిలబడి, డబ్బాకు ముందు టెస్టరు ఆనించి చూడండి. టెస్టరు వెలిగితే ముట్టుకోకుండా తిరిగొచ్చేయండి. ఒక్క తడి ఎండిపోతే మళ్ళీ పెట్టుకోవచ్చు.

చేరగానే ఇంటికి మిస్డ్ కాల్.

8. పాము కరిస్తే

2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది చనిపోయారు, అంటే ఏడాదికి సుమారు 58 వేలు. అందులో సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మనం చేలల్లో ఎక్కువగా తిరిగే నెలలు అవే. అందుకని మీ దగ్గరలో ఏ ప్రభుత్వాసుపత్రిలో పాము విషానికి మందు ఉందో, రాత్రి డాక్టరు ఉంటారో లేదో తొలకరికే అడిగి పెట్టుకోండి.

కరిచిన చోట కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పైన తాడు బిగించొద్దు. పసరు కోసం, మంత్రం కోసం ఒక్క నిమిషం కూడా పోగొట్టొద్దు. టైము చూసుకోండి. బూటు, ఉంగరం, మొలతాడు, వాచీ ఏది బిగుసుకుంటుందో అది తీసేయండి, తర్వాత వాపు వస్తుంది. కాలికి కర్ర ఆనించి తువ్వాలుతో వదులుగా కట్టి కదలకుండా ఉంచండి. 108కి ఫోను చేసి, ఊళ్ళోంచి బండి తెప్పించండి. కరిచిన మనిషిని నడిపించొద్దు, బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పోండి. పామును చంపి పట్టుకుపోవాల్సిన పని లేదు. మన దగ్గర ఎక్కువగా చంపే నాలుగు రకాల పాములకూ ఒకటే మందు. చంపబోయి ఇంకొకరు కరిపించుకుంటారు.

కట్లపాము గురించి వేరుగా చెప్పాలి. అది కరిస్తే చీమ కుట్టినట్టే ఉంటుంది, వాపు ఉండదు, గాటు కూడా కనబడకపోవచ్చు. ఏదో ముల్లు గుచ్చుకుందనుకుని పడుకుంటారు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, మాట ముద్దగా రావడం. అప్పటికి చాలా ఆలస్యమవుతుంది. రాత్రి చేలో కాలికి ఏదో కుట్టిందని అనుమానం వస్తే, ఏమీ కాలేదనిపించినా, ఆసుపత్రికి పోయి ఒక రోజు వాళ్ళ కళ్ళ ముందు ఉండండి. ముల్లే అయితే నలుగురూ నవ్వుతారు, నవ్వనివ్వండి.

9. తిరుగు నడక

పోయేటప్పుడు భయం ఉంటుంది, జాగ్రత్త ఉంటుంది. వచ్చేటప్పుడు రెండూ ఉండవు. నిద్ర కళ్ళ మీద ఉంటుంది, ఇల్లు గుర్తొస్తుంది, టార్చి ఛార్జింగు సగం అయిపోయి ఉంటుంది. తూరుపు తెల్లబడితే బాట కనబడుతోందని టార్చి ఆర్పేస్తాం. బాట కనబడుతుంది గానీ బాట మీద ఉన్నది కనబడదు. పైగా పందుల తీగలు ఇంకా తీసి ఉండరు. గడ్డంతా మంచుకు తడిసి ఉంటుంది.

కాబట్టి మంచె దిగే ముందు ముఖం కడుక్కుని పది నిమిషాలు కూర్చోండి. ఓపిక ఉంటే పూర్తిగా పొద్దు పొడిచేదాకా అక్కడే ఉండండి. వచ్చిన బాటలోనే రండి, తొందరగా చేరదామని ఒడ్ల మీద పడొద్దు. మధ్యలో ఎవరైనా ఎదురైతే రాత్రి ఏం చూశారో, ఎక్కడ చూశారో చెప్పండి. మేం గ్రూపులో వేస్తాం: "బావి మలుపు దగ్గర పెంజర." ఆ రోజు అటు పోయేవాళ్ళందరూ అక్కడ ఆగి చూస్తారు.

ఇంటికొచ్చాక బూట్లు కడిగి, దొడ్లో రెండు గుంజలు పాతి వాటి మీద బోర్లించండి. టార్చి ఛార్జింగుకు పెట్టాకే టీ తాగండి. టీ తాగి నడుం వాల్చితే అది మరిచిపోతాం, మళ్ళీ గుర్తొచ్చేది రాత్రి తొమ్మిదింటికే.